దూదా, గింజా?

పత్తి మొక్క దూదీ ఇస్తుంది, గింజా ఇస్తుంది. ఆ రెండింటిలో మందుపెట్టెలోకి ఏది అంటే నా ఓటు దూదికే. అయితే చేలో తీసిన పత్తి పనికిరాదు. పీచు మీద మైనం ఉంటుంది కాబట్టి నీళ్లు పీల్చదు. క్షారంలో ఉడికించి ఆ మైనం తీసేస్తేనే మందుల షాపు దూది అవుతుంది. పచ్చి పుండు మీద నేరుగా పెడితే మాత్రం పోగులు అంటుకుంటాయి, అక్కడ గాజ్ గుడ్డే నయం.

గింజది వేరే కథ. నూనె వస్తుంది, నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు మేత. కానీ అందులో గాసిపాల్ అనే విషపదార్థం ఉంది, అందుకే నూనెను శుద్ధి చేయాల్సిందే. నెమరువేసే పశువులు దాన్ని కొంతవరకు తట్టుకుంటాయి, కోళ్లు అంతగా తట్టుకోలేవు. 1970లలో చైనాలో ఇదే గాసిపాల్‌ను మగవాళ్లకు గర్భనిరోధక మాత్రగా పరీక్షించారు. పనిచేసింది కూడా! కాకపోతే కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, మరికొందరికి మాత్ర మానేసినా సంతానశక్తి తిరిగి రాలేదు.