వియత్నాం లక్క చిత్రాలు: విదేశీ ప్రదర్శనలో చూడాలా, హనోయ్ వెళ్ళి చూడాలా?

లక్క చిత్రాలు అంటున్నాం గానీ, ఇది మన ఏటికొప్పాక బొమ్మల మీద ఉండే లక్క కాదు. అది పురుగు నుంచి వచ్చేది, ఇది చెట్టు సొన. ఉత్తర వియత్నాంలోని ఫూథో ప్రాంతంలో చెట్లకు గాట్లు పెట్టి తీస్తారు. మామిడి, జీడి కుటుంబానికి చెందిన చెట్టే కాబట్టి ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఆ సొనను చెక్క పలక మీద పొరలు పొరలుగా పూస్తారు. మధ్యలో బంగారు రేకు, వెండి రేకు, గుడ్డు పెంకులు అతికి, ఆరాక నీళ్ళు పోస్తూ అరగదీస్తారు. అలా అరగదీస్తుంటే అడుగు పొరల్లోంచి బొమ్మ తేలుతుంది. ఈ కళను వాళ్ళు 'సోన్ మాయ్' అంటారు. మాయ్ అంటే అరగదీయడమే.

2017లో సింగపూర్ నేషనల్ గ్యాలరీ ఈ చిత్రాల మీద ఒక చిన్న ప్రదర్శన పెట్టింది. వియత్నాం చిత్రకారుడు న్గుయెన్ జా త్రీ 1936 ప్రాంతంలో చేసిన 'దేవకన్యలు' చిత్రానికి జోడీగా, అమెరికాలో పుట్టిన ఫీ ఫీ ఓయాన్ ఈ కాలంలో చేసిన పనిని ఉంచారు. టాబ్లెట్ తెరలను తలపించే పలకల మీద అదే సొన. ఇలాంటి ప్రదర్శనలో నాకు నచ్చేది తీరిక. బొమ్మలు తక్కువ కాబట్టి ఒక్కో దాని ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. ఈ చిత్రాలకు అది చాలా అవసరం. ఎదురుగా నిలబడితే మన నీడే కనిపిస్తుంది, రెండడుగులు పక్కకు జరిగితే బంగారం వెలుగుతుంది. ఫోటోలో ఇది రానే రాదు.

కానీ 1936 నుంచి నేరుగా మన కాలానికి దూకితే నడిమి కథంతా పోతుంది. అది హనోయ్ లలితకళల మ్యూజియంలో ఉంది. త్రాన్ వాన్ కాన్ 1958లో చేసిన చిత్రంలో రైతులు జంటలుగా నిలబడి పొలానికి నీళ్ళు తోడుతుంటారు. అచ్చం మన ఊళ్ళలో గూడ వేసినట్టే! తాళ్ళు పట్టుకుని నడుం వంచి లేచే ఆ ఊపు నాట్యంలా ఉంటుంది. న్గుయెన్ సాంగ్ 1963లో చేసిన చిత్రంలోనేమో 1954లో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన దియెన్ బియెన్ ఫూ యుద్ధభూమి, కందకంలో గాయపడ్డ సైనికులు. ఒకప్పుడు దేవకన్యల మీద మెరిసిన సొనే ఇక్కడ మట్టికీ కట్టుకట్టిన తలలకూ పనికొచ్చింది. ఆ మార్పు కళ్ళారా చూడటం నాకు అన్నిటికంటే పెద్ద విషయం.

సొంతగడ్డ మీద అన్నీ భద్రమేనా అంటే, కాదు. జా త్రీదే మరో గొప్ప చిత్రం, జాతీయ సంపదగా ప్రకటించినది, హో చి మిన్ సిటీలో శుభ్రం చేసే పనిలోనే దెబ్బతింది. 2019లో ఆ వార్త చదివి మనసు చివుక్కుమంది. జాగ్రత్త విషయంలో విదేశీ గ్యాలరీలకు మార్కులు ఇవ్వాల్సిందే.

అయినా ఒక్క ప్రయాణానికే డబ్బులుంటే నేను హనోయే అంటాను. సింగపూర్‌లోనో పారిస్‌లోనో ఉన్నవాళ్ళు దగ్గర్లో ఇలాంటి ప్రదర్శన వస్తే వదలకండి, ముందు అక్కడ చూడటం అలవాటు చేసుకోండి. హనోయ్ వెళ్ళాక మాత్రం ఆ నీళ్ళు తోడే చిత్రాన్ని ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి నడుస్తూ చూడండి.