హెచ్‌ఎండీఏ సీఎల్‌యూ సేవ: పరిశ్రమల జోన్‌లోని ఖాళీ జాగాలో ఇళ్లు కట్టాలనుకునేవారికి

హైదరాబాద్ చుట్టూ పరిశ్రమలకని గీసిన జోన్లలో షెడ్డు కూడా పడని ఖాళీ జాగాలు చాలానే ఉన్నాయి. అక్కడ ఇళ్లు కట్టాలంటే ముందు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ)లో భూ వినియోగ మార్పిడి, అందరూ అనే మాటలో సీఎల్‌యూ, చేయించుకోవాలి. ఈ సేవలోని బలం ఏమిటంటే చివరికి చేతికొచ్చేది హెచ్‌ఎండీఏ చట్టం 2008లోని సెక్షన్ 15 కింద ప్రభుత్వమే ఇచ్చే జీవో. బలహీనత కూడా అక్కడే ఉంది: ఆ జీవో మార్చేది మాస్టర్ ప్లాన్‌లోని రంగును, అంటే జోన్‌ను, మాత్రమే.

2013 జనవరిలో నోటిఫై అయిన 2031 మాస్టర్ ప్లాన్‌లో ఇలాంటి జాగాలు ఎక్కువగా ‘మ్యానుఫ్యాక్చరింగ్’ జోన్ కింద, కొన్ని ‘వర్క్ సెంటర్’ కింద కనిపిస్తాయి. సర్వే నంబర్లతో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోకుండా ఎవరికీ పైసా కట్టొద్దు. ఒకే సర్వే నంబరు రెండు జోన్లలో పడితే, మార్చాల్సిన విస్తీర్ణం దస్తావేజులో ఉన్నంత ఉండదు. ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు, సుమారు 4,047 చదరపు మీటర్లు. దస్తావేజు, పాసుపుస్తకం, సైట్ ప్లాన్ మూడింట్లోనూ ఈ లెక్క కలవాలి. కలవకపోతే షార్ట్‌ఫాల్ (లోపాల జాబితా) రాసి ఫైల్ వెనక్కి పంపుతారు. మాస్టర్ ప్లాన్‌లో గీసిన రోడ్డు మీ జాగా మధ్యలోంచి పోతుంటే ఆ మేరకు జాగా పోయినట్టే లెక్క వేసుకోండి.

నాలా చేయించాం కదా, ఇంకేం కావాలని చాలామంది అనుకుంటారు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరం చేయడం, అది రెవెన్యూ పని. జోన్ మార్పుతో దానికి సంబంధం లేదు.

ఫైల్ నడక ఇలా ఉంటుంది: ఆన్‌లైన్ దరఖాస్తు, ప్లానింగ్ సిబ్బంది స్థల తనిఖీ, హెచ్‌ఎండీఏ సిఫార్సు, మున్సిపల్ శాఖ పరిశీలన, అభ్యంతరాల కోసం ముసాయిదా ప్రకటన, చార్జీల చెల్లింపు, తుది జీవో. అభ్యంతరాల దశను తేలిగ్గా తీసుకోకూడదు. పక్కనే నడిచే ఫ్యాక్టరీ యజమాని రేపు ఇళ్లవాళ్లు పొగ మీద, చప్పుడు మీద ఫిర్యాదు చేస్తారని ముందే అడ్డుపడవచ్చు. ఆయన భయంలో న్యాయం ఉంది. మీ వైపు పచ్చని బఫర్ పట్టీని ప్లాన్‌లోనే చూపిస్తే సగం వాదన అక్కడే తీరుతుంది.

నీటి సంగతి మరీ ముఖ్యం. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకూ 9 మీటర్లే. ఎఫ్‌టీఎల్ గీత మీ టోపో ప్లాన్ (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) మీద లేకపోతే దాన్ని గీయించాకే దరఖాస్తు పెట్టండి. టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) కేటాయించిన ప్లాటైతే కేటాయింపు షరతులు అంతకంటే ముందు చదవాలి. పరిశ్రమ పెట్టకుండా ఖాళీగా ఉంచిన ప్లాటును వెనక్కి తీసుకునే అధికారం ఆ సంస్థకు ఉంటుంది.

తుది జీవోలోని షరతుల్ని ఒక్కొక్కటిగా చదవండి. మార్పిడిని భూమి హక్కుకు రుజువుగా వాడరాదని, సీలింగ్ (భూ గరిష్ఠ పరిమితి) విషయం బిల్డింగ్ పర్మిషన్ ముందు తేల్చుకోవాలని అందులో రాస్తారు. మట్టి కలుషితమైందా అన్న మాట మాత్రం అందులో మామూలుగా కనిపించదు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల లాంటి చోట్ల ఖాళీ జాగా అంటే శుభ్రమైన జాగా అని కాదు. పక్క ఫ్యాక్టరీ వ్యర్థాలు అక్కడే పోసి ఉండవచ్చు. నాలుగైదు చోట్ల వేర్వేరు లోతుల్లో మట్టి తీయించి, బోరు నీటితో పాటు భార లోహాలకు, ద్రావకాలకు ల్యాబ్ పరీక్ష చేయించండి. పిల్లలు ఆడుకునే నేల అది, ఈ ఖర్చు దగ్గర వెనకాడకూడదు.

2025 నవంబరులో ప్రకటించిన హిల్ట్ (హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి) విధానం వేరే దారి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల, దాని పరిసరాల్లోని పారిశ్రామిక వాడల్ని బహుళ వినియోగంలోకి మార్చడానికి తెచ్చారు. ముందున్న రోడ్డు 80 అడుగుల లోపైతే సబ్‌రిజిస్ట్రార్ విలువలో 30 శాతం, 80 అడుగులు ఆపైన అయితే 50 శాతం ఫీజుగా పెట్టారు. అందుకే డెవలపర్‌తో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఏ దారిలో వెళ్తున్నారో, చార్జీలు ఎవరు కట్టాలో, ఫైల్ తిరస్కరిస్తే అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగివ్వాలో అందులోనే రాయించుకోండి.