రందికి 14416, బతుకుదెరువుకు ఆర్‌సెటీ: నిర్వాసితులకు ఏది ఎంత అక్కరకొస్తుంది?

రిజర్వాయర్ల కింద మునిగిన పాలమూరు, నల్గొండ ఊళ్లలో ‘డిప్రెషన్’ అన్న మాట వినబడేది తక్కువ. ‘రంది పెట్టుకున్నడు’, ‘బుగులైతుంది’, ‘నిద్ర పడతలేదు’ అంటారు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు నంబరు 14416కు ఫోన్ చేసినప్పుడు కూడా అట్లనే చెప్పొచ్చు. కాకపోతే అవతలి కౌన్సిలర్‌కు మన యాస రాకపోవచ్చు కాబట్టి లెక్కలు చెప్తే పని తొందరగా తెమిలిపోతుంది: ఎన్ని వారాల నుంచి, రాత్రి ఎన్ని గంటల నిద్ర, తిండి ఎట్లుంది, తాగుడు ఎంత, ఇంతకుముందు ఏ మందులు వాడారు. చావాలనిపిస్తుంటే అది మొట్టమొదటే చెప్పాలి. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే, ఫోన్ కంటే ముందు దాన్ని ఇల్లు దాటించాలి.

టెలీ మానస్ పేరుతో 2022 అక్టోబర్ 10న మొదలైన సర్కారు సేవ ఇది. రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, మామూలు మీటల ఫోన్ చాలు. 14416 కలవకపోతే 1800-891-4416 ఉంది. మొదట కౌన్సిలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదంటే ఆస్పత్రికి వెళ్లమంటారు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే చోట గుట్టుగా మాట్లాడటం కష్టం. పొద్దున చేను గట్టు మీదకు పోయి మాట్లాడటమే మేలు.

ఫోన్ సరిపోని చోటు కల్లు దగ్గరుంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం, డయాజెపాం ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైతే, ఒక్కసారిగా మానినప్పుడు చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. 2015లో మహబూబ్‌నగర్‌లో జనం ఆస్పత్రులకు పరుగెత్తింది ఇందుకే. పునరావాస కాలనీకి మారి పాత కల్లు కాంపౌండ్‌కు దూరమైన వాళ్లకూ ఇదే ముప్పు. దీన్ని ‘ఊరి మీద బెంగ’ అనుకుని ఊరుకోవద్దు. ఫిట్స్ వస్తే 108; లేకుంటే మహబూబ్‌నగర్ లేదా నల్గొండ వైద్య కళాశాల ఆస్పత్రి. డాక్టరు మందు మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు.

ఇక పని సంగతి. అది 14416 వాళ్ల పని కాదు, వాళ్లను అడిగి లాభం లేదు. దానికి జిల్లా లీడ్ బ్యాంకు నడిపే ఆర్‌సెటీ, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. పాడికి పది రోజులు, కుట్టుపనికీ సెల్‌ఫోన్ రిపేరుకూ సుమారు నెల. శిక్షణ, తిండి, వసతి ఉచితం, తర్వాత రెండేళ్లు వెంట ఉండి చూడాలన్నది నియమం. చిక్కు లోన్ దగ్గర మొదలవుతుంది: ఆధార్‌లో ముంపు ఊరి చిరునామా, కొత్త ఇంటికి చేతిలో పట్టా లేదు. శిక్షణకు చేరకముందే ఈ రెండూ సరిచేసుకోవాలి. మందులు వాడేవాళ్లు శిక్షణ రోజులకు సరిపడా బిళ్లలు వెంట తీసుకుపోవాలి. పగటి పూట మత్తుగా ఉంటే కుట్టు మిషన్ ముందు, కరెంటు పని దగ్గర కూర్చోవద్దు. బిళ్ల రాత్రికి మార్చొచ్చేమో డాక్టర్‌ను అడగాలి.

‘మనసు కుదుటపడనీ, తర్వాత పని చూద్దాం’ అని ఇంట్లోవాళ్లు ఆపుతుంటారు. చికిత్సతో పాటే పని వెతకడం మొదలుపెట్టాలనేది ఈ రంగంలో బాగా నిలబడిన పద్ధతి. శరణార్థుల మధ్య వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఒకటుంది: వారానికొకసారి చొప్పున ఐదుసార్లు, సారికి గంటన్నర, డాక్టరు కాకున్నా శిక్షణ పొందిన మనిషి ఎదురుగా కూర్చుంటారు. ఊపిరి నెమ్మదించడం, ఒక్క సమస్యను విడగొట్టి చూడటం, ఆగిపోయిన పనుల్లో ఒకటి మళ్లీ మొదలుపెట్టడం, నలుగురితో కలవడం నేర్పుతారు. మహిళా సంఘాల్లో ఇద్దరికి నేర్పినా కాలనీకి ఆసరా అవుతుంది. ఇట్లాంటి కూర్చోబెట్టి చేసే పని ఫోన్‌తో కాదు.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు ప్రాజెక్టులో ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు కనీసం 2,000 చొప్పున 20 ఏళ్లు అంటుంది. రిజర్వాయర్‌లో ఉద్యోగాలెక్కడివి? అందుకే చాలామందికి మిగిలేది పైసలే. శ్రీశైలం ముంపు ఊళ్లను 1981లో ఖాళీ చేయించారు, నిర్వాసితుల ఉద్యోగాల జీవో 98 వచ్చింది 1986లో. ఆ ఎదురుచూపులోనే రంది ముదిరేది.

ఐదు మార్కుల్లో 14416కు నాలుగు, ఆర్‌సెటీకి మూడు. లోన్ చేతికి వచ్చేదాకా వెంట ఉంటే దానికీ నాలుగు ఇవ్వొచ్చు.