గోలాన్‌లో 750 షెకెళ్ల గది, 25 షెకెళ్ల రొట్టె

ఇజ్రాయెల్ చేతిలో ఉన్న గోలాన్ కొండల మీద మోషావ్‌లో (రైతుల సహకార ఊరు) జిమ్మర్ (అంటే ఇంటివాళ్లు అద్దెకిచ్చే చెక్క గది) బుక్ చేసేవాళ్లు టిఫిన్ అద్దెలో కలిసిందో లేదో ఫోన్‌లోనే అడగండి బాబూ. మేం అడగలేదు, రాత్రికి 750 షెకెళ్లు ఇచ్చాక టిఫిన్‌కి మనిషికి 70 అన్నారు, ముగ్గురికి 210, మన లెక్కలో నాలుగున్నర వేలు పైనే. సరే అనుకుంటే వేడినీళ్లు లేవు. ఓనర్‌ని అడిగితే షబ్బాత్ (యూదుల శనివారం సెలవు) కదా, ప్లంబర్ ఆదివారం వస్తాడన్నాడు, ఆదివారానికి మేం రెహోవోత్ ఊళ్లో ల్యాబ్‌లో ఉంటాం. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య తెల్లారకుండా స్నానం చేస్తేగానీ కాఫీ ముట్టరు, ఆ చలిలో టీ కెటిల్‌తో తొమ్మిదిసార్లు నీళ్లు కాచి బకెట్ లేక చెత్తబుట్ట కడిగి అందులో పోశాం. మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు, బుక్ చేసింది నేనే మరి. వంద తగ్గించమన్నా తగ్గించలేదు.

ఊరు మాత్రం బాగుంది. మోషావ్ అంటే ఎవరి పొలం వాళ్లదే, కొనడం అమ్మడం సంఘం ద్వారా. చెర్రీ తోటలో టికెట్ 40, చెట్టు దగ్గర ఎంత తిన్నా అడగరు, ఇంటికి తెచ్చుకుంటే కిలో లెక్క. తోట దాటగానే ముళ్లకంచె, పసుపు బోర్డు మీద ఎర్ర త్రికోణం, మూడు భాషల్లో మందుపాతర్లు అని. 1967లో సిరియా నుంచి తీసుకున్న నేల ఇది, 1981లో ఇజ్రాయెల్ తన చట్టం పెట్టింది, ఐక్యరాజ్యసమితి చెల్లదంది, 2019లో అమెరికా మాత్రం ఇజ్రాయెల్‌దేనని ఒప్పుకుంది. అత్తయ్య ఆ బోర్డు చూసి కారు దిగనన్నారు. బెంటల్ కొండ పైనుంచి అవతల సిరియా, పాడుబడ్డ కునైత్రా ఊరు కనిపిస్తాయి, అరగంట చాలు.

అసలు చెప్పాల్సింది మసాదే అనే ఊరి గురించి. డ్రూజ్‌ల (అరబీ మాట్లాడే ఒక చిన్న మతవర్గం) ఊరు, వీళ్లు యాపిల్స్ పండిస్తారు. రోడ్డు పక్కన ఒకావిడ పిండిని దిండు మీద సాగదీసి, బోర్లించిన మూకుడులాంటి పెనం మీద రొట్టె వేసి, లబనే, జాతర్ (ఎండు ఆకులు, నువ్వులు కలిపిన పొడి), ఆలివ్ నూనె రాసి మడిచి ఇచ్చింది, 25 షెకెళ్లు. లబనే నోట్లో పెట్టుకుని అత్తయ్య "ఇది బట్టలో కట్టి వడేసిన పెరుగేగా" అని రెండు రొట్టెలు తిన్నారు, మా ఆవిడ కూడా అక్కడే నవ్వింది.

బస్సులు శుక్రవారం మధ్యాహ్నం నుంచే తగ్గిపోతాయి, శనివారం అయితే లేనట్టే, కాబట్టి అద్దె కారు తప్పదు. ఈసారి వెళ్తే మసాదేలోనే గది చూస్తా, అత్తయ్య మాత్రం ఎందుకైనా మంచిది కెటిల్ పట్టుకెళ్దామంటున్నారు.