బరువు మిషనా, భుజాన వేసుకునే మిషనా?

మూడో అంతస్తు బాల్కనీకి రెయిలింగ్ అతకాలి. వెల్డింగ్ మిషన్ మాత్రం కింద, మెట్ల పక్కన ఇసుక కుప్ప దగ్గరే ఉంటుంది. ఆయిల్‌తో కలిపి 100 కిలోల పైమాటే కాబట్టి దాన్ని పైకి ఎక్కించే ప్రసక్తే లేదు. అందుకని వెల్డింగ్ రాడ్‌ను పట్టుకునే హోల్డర్ కేబుల్‌ను 30 మీటర్లు పైకి లాగేవాళ్లం. పైన పైపుకు చిల్లు పడగానే "తగ్గించరా!" అని అరిస్తే, కింద ఉన్న కుర్రవాడు చక్రం రెండు చుట్లు తిప్పేవాడు. ఈసారి రాడ్ అంటుకుపోయేది. "అంత వద్దురా, కొంచెం పెంచు!" రెయిలింగ్ పూర్తయ్యేసరికి మేము ఎన్ని ఆంపియర్ల మీద పనిచేస్తున్నామో వీధి వీధంతటికీ తెలిసిపోయేది.

ఇప్పుడు అదే పనికి ఆరేడు కిలోల ఇన్వర్టర్ మిషన్‌ను పట్టీతో భుజాన వేసుకుని ఒక్కడే మెట్లెక్కుతున్నాడు. కరెంటు తగ్గించే నాబ్ మోకాలి పక్కనే ఉంటుంది. అది చూసిన షెడ్డు యజమానులు "పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ అమ్మేసి ఇదే తీసుకోమంటారా?" అని నన్ను అడుగుతుంటారు. తీసుకోండి, పాతదాన్ని మాత్రం అమ్మకండి అంటాను. ఈ జవాబు చాలామందికి నచ్చదు. ఒక్క పేరు చెప్పమంటారు. ఒక్క పేరు చెప్పాలంటే ముందు నేను మీ కరెంటు లైను చూడాలి, ఆ తర్వాత మీ షెడ్డులో గ్రైండర్ ఎక్కడ పెట్టారో చూడాలి.

ఇన్వర్టర్ అనగానే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పే బ్యాటరీ పెట్టె గుర్తొస్తుంది. వెల్డింగ్ ఇన్వర్టర్‌కు బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. పాత మిషన్ 230 లేదా 415 వోల్టులను నేరుగా 50 నుంచి 70 వోల్టులకు దించుతుంది, ఆ మేరకు ఆంపియర్లు పెంచుతుంది. మనకు వచ్చే కరెంటు ఏసీ, అంటే సెకనుకు 50 సార్లే అటూ ఇటూ తిరుగుతుంది. అంత నిదానంగా తిరిగే కరెంటుకు ఇనుము ఎక్కువ కావాలి, తీగ చుట్లూ ఎక్కువ కావాలి. ఇన్వర్టర్ ముందుగా ఆ 230 వోల్టులను దాదాపు 325 వోల్టుల డీసీగా, అంటే ఒకే దిక్కున పారే కరెంటుగా మారుస్తుంది, దాన్ని సెకనుకు కొన్ని పదుల వేల సార్లు తెంపుతూ కలుపుతూ అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, చివర మళ్లీ డీసీ చేస్తుంది. ఏతంతో బానెడు నీళ్లు నిదానంగా తోడినా, చెంబుతో చకచకా తోడినా మడి తడుస్తుంది కదా, ఇదీ అంతే. ఆ చకచకా తోడే పని చాలా మిషన్లలో ఐజీబీటీ అనే స్విచ్చులది. వాటిని 1980ల తొలినాళ్లలో అమెరికాలో రూపొందించిన బి. జయంత్ బాలిగ మద్రాసులో పుట్టి, అక్కడి ఐఐటీలోనే చదివిన వ్యక్తి. మన షెడ్లలో ఆ పేరు తెలిసినవాళ్లు అరుదు.

ఆర్కు, అంటే రాడ్ కొనకూ ఇనుముకూ మధ్య లేచే మంట విషయంలో ఇన్వర్టర్‌దే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఏసీ కాబట్టి ఆర్కు సెకనుకు 100 సార్లు ఆరిపోయి మళ్లీ రాజుకుంటుంది. చెయ్యి తిరిగినవాడికి అది ఇబ్బంది అనిపించదు కానీ, కొత్తగా నేర్చుకునేవాడికి ప్రతి రాడ్డూ అతుక్కుపోతుంది. ఇన్వర్టర్‌లో రాడ్ తగలగానే ఒక్క క్షణం కరెంటు పెరుగుతుంది, అంటుకుపోతే దానంతట అదే తగ్గుతుంది. గేట్లకు, కిటికీలకు వాడే 18 గేజి పైపు మందం 1.2 మిల్లీమీటర్లే. దాని మీద పన్నెండు నంబరు రాడ్‌ను, అంటే 2.5 మిల్లీమీటర్లదాన్ని, 55, 60 ఆంపియర్ల దగ్గర నిలకడగా నడపాలంటే ఇన్వర్టరే సుఖం. హోల్డర్‌ను మైనస్‌కు, అతికే ఇనుముకు తగిలించే ఎర్త్ క్లాంపును ప్లస్‌కు మార్చుకుంటే చిల్లులు ఇంకా తగ్గుతాయి. పాత మిషన్‌లో ఆ మార్పిడికి అర్థమే లేదు. గట్టి అతుకుల కోసం వాడే 7018 రాడ్ కూడా ఇన్వర్టర్ మీద హాయిగా కాలుతుంది. 50 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీదైతే ఆరిపోతూ విసిగిస్తుంది, దానికి కనీసం 70 వోల్టులు కావాలి.

అమ్మేవాళ్లు ఎక్కువగా ఊదరగొట్టేది కరెంటు బిల్లు గురించి. "సగానికి సగం ఆదా" అంటారు. ఇందులో సగమే నిజం. పది నంబరు రాడ్‌ను, అంటే 3.15 మిల్లీమీటర్లదాన్ని, 110 ఆంపియర్ల మీద కాలుస్తున్నప్పుడు వైరుకు క్లాంపు మీటరు తగిలించి చూడండి. సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ 33 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇన్వర్టర్ 20 దగ్గర నిలుస్తుంది. ఆంపియర్లు తగ్గిన మాట వాస్తవమే. అయితే మన మీటరు లెక్కపెట్టేది యూనిట్లను. ట్రాన్స్‌ఫార్మర్ లాగే ఆ ఆంపియర్లలో చాలా భాగం పని చేయకుండా లైనులో వచ్చిపోయేదే, పవర్ ఫ్యాక్టర్ తక్కువ అనేది దాన్నే. ఆర్కులో ఖర్చయ్యేది ఏ మిషన్‌లోనైనా 2.7 కిలోవాట్లు. మిషన్‌లో వేడిగా పోయేదీ, ఖాళీగా ఆన్‌లో ఉన్నప్పుడు తాగేదీ మాత్రమే తేడా. రోజుకు మూడు గంటలు రాడ్ కాల్చే షెడ్డుకు నేను వేసుకున్న లెక్కలో మిగిలేది రెండు మూడు యూనిట్లు. మంచిదే, కానీ ఆ ఆదాతో మిషన్ డబ్బు తిరిగొచ్చేసరికి చాలా నెలలు పడుతుంది.

అసలు లాభం లైను మీద కనిపిస్తుంది. మన రాడ్ తగిలిన ప్రతిసారీ పక్కింటి బల్బు మసకబారడం ఆగుతుంది. గృహప్రవేశానికి వారం ముందు గ్రిల్స్ అతకడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటి మీటరు దగ్గరి ఫ్యూజు కాలదు. చిన్న జనరేటర్ మీద కూడా పని నడుస్తుంది. అయితే సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతో ఈ లాభాన్ని చేజేతులా పోగొట్టుకోకూడదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 30 మీటర్లు లాగితే 20 ఆంపియర్ల దగ్గర సుమారు 15 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. సాయంత్రం పూట 190 వోల్టులే వచ్చే వీధిలో ఆ 15 పోతే చిన్న మిషన్లు కొన్ని మొరాయిస్తాయి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కొంటే నష్టం ఐదారు వోల్టులే.

ఇప్పుడు పాతదాన్ని ఎందుకు అమ్మవద్దంటున్నానో చెబుతాను.

ఒక వేసవి సాయంత్రం గాలివాన వచ్చింది. షెడ్డులో ట్యూబులైట్లు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి. ఎందుకో అనుకునేలోగా ఇన్వర్టర్‌లోంచి టపాకాయ పేలినట్టు చప్పుడు, దాని వెనకే కాలిన చేపల వాసన. వీధిలో న్యూట్రల్ వైరు తెగింది. న్యూట్రల్ పోతే 230 రావాల్సిన చోట 350, ఒక్కోసారి 400 వోల్టులు కూడా వస్తాయి. మిషన్ లోపలి కెపాసిటర్లు సాధారణంగా 400, 450 వోల్టుల డీసీకి తయారైనవి. 400 వోల్టుల ఏసీ డీసీగా మారితే 560 దాటుతుంది. పెట్టె విప్పి చూస్తే రెండు కెపాసిటర్ల నెత్తులు పగిలి ఉన్నాయి. దాని పక్కనే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమీ కాలేదు. అది రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడుస్తుంది, న్యూట్రల్‌తో దానికి సంబంధమే లేదు. మర్నాడు ఒప్పుకున్న పనిని ఆ ముసలిదే పూర్తి చేసింది. ఆ తర్వాత ఇన్వర్టర్ ముందు వోల్టేజి పెరిగితే తెంచేసే కట్‌ఆఫ్ పెట్టించాను. సింగిల్ ఫేజ్ మీద నడిపే ప్రతివాళ్లూ మిషన్‌తోపాటే దాన్నీ కొనాలి.

న్యూట్రల్ ఎప్పుడో ఒకసారి పోతుంది, ఇనుప రజను బాధ మాత్రం రోజూ ఉంటుంది. ఇన్వర్టర్‌ను చల్లబరిచే ఫ్యాను గాలితోపాటు గ్రైండర్ చిమ్మే రజనునూ లోపలికి పీలుస్తుంది. అది కరెంటును మోసే పొడి. కార్డు, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు మీది కాళ్ల మధ్య పేరుకుపోయి, వానాకాలపు తేమ కూడా తోడైతే ఏదో ఒక రోజు షార్టవుతుంది. మా దగ్గర అమావాస్యకు గుమ్మడికాయ కొట్టే రోజునే బ్లోయర్‌తో మిషన్ ఊదుతాం. ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగాకే మూత తెరవాలి, కెపాసిటర్లలో కరెంటు అంతసేపు నిలిచి ఉండవచ్చు. గ్రైండర్ ఒక మూల, ఇన్వర్టర్ ఇంకో మూల. ఈ మాట మా కుర్రవాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవేవీ పట్టవు. ఆయిల్ మట్టం చూసుకోవాలి, నీరు చేరకుండా మూత బిగించాలి, కనెక్షన్లు వదులు కాకుండా చూడాలి, అంతే.

బాగుచేయించడంలోనూ ఇదే తేడా. ట్రాన్స్‌ఫార్మర్ చెడేటప్పుడు ముందే చెబుతుంది. వేడెక్కుతుంది, మూలుగుతుంది, ఆయిల్ వాసన మారుతుంది. మోటార్లు చుట్టే మేస్త్రీ దాన్ని మళ్లీ చుట్టగలడు. పూర్తిగా పోయినా లోపలి రాగికి ధర పలుకుతుంది, రాగి చుట్టు అని చెప్పి అల్యూమినియం చుట్టు అంటగట్టి ఉండకపోతే. ఇన్వర్టర్ నిన్నటిదాకా బాగానే నడిచి ఇవాళ ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటుంది. "కార్డు మార్చాలి" అంటాడు మెకానిక్. చవక రకాలకు ఆ కార్డు దొరికేలోగా కొత్త మిషనే వచ్చేస్తుంది.

బరువు పనుల సంగతికొస్తే, ట్రాక్టర్ ట్రక్కులు, లారీ బాడీలు కట్టే చోట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎనిమిది నంబరు రాడ్, అంటే 4 మిల్లీమీటర్లది, 160 ఆంపియర్ల మీద కాలుతూనే ఉంటుంది. ఇక్కడ పెట్టె మీద రాసిన 200ను నమ్మి మోసపోవద్దు. ఆ అంకె పక్కన 60 శాతం అని ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలే 200 మీద కాల్చవచ్చు, నాలుగు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. ఆగకుండా కాల్చాలంటే 155 దగ్గరే ఆపాలి. ఆ లెక్క కూడా చుట్టూ 40 డిగ్రీలున్నప్పటిది. మే నెలలో రెంటచింతలలో రేకుల షెడ్డు కింద ఆ అంకెకు విలువ ఏముంటుంది? పైగా మందపు రేకుల మూలల్లో డీసీ ఆర్కు ఒక్కోసారి అయస్కాంతం లాగినట్టు పక్కకు పారిపోతుంది. ఎర్త్ క్లాంపు చోటు మార్చి, ఆర్కు పొట్టిగా పట్టి కొంత సర్దుకోవచ్చు. ఏసీకి ఆ బెడద బాగా తక్కువ. ఇలాంటి షెడ్డులో మంచి రాగి చుట్టు ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పటికీ దర్జాగా బతుకుతుంది. ఇన్వర్టరే కావాలంటే 415 వోల్టుల మీద నడిచే పెద్ద రకం తీసుకోవాలి, దాని ధర వేరు.

షాకు విషయంలో ఇన్వర్టర్ కాస్త నయం. అదే వోల్టేజి దగ్గర డీసీ కంటే ఏసీ ప్రమాదకరం, చెమటతో తడిసిన ఒంటికి 70 వోల్టుల ఏసీ తక్కువదేమీ కాదు. కాల్చనప్పుడు హోల్డర్ వోల్టేజిని తగ్గించే వీఆర్‌డీ ఉన్న ఇన్వర్టర్ దొరికితే, ట్యాంకుల్లో, తడి నేల మీద పనిచేసేవాళ్లు రెండో ఆలోచన లేకుండా తీసుకోవాలి. చేతి తొడుగులు ఏ మిషన్‌కైనా తప్పవు.

కాబట్టి కొత్తగా గేట్లు, గ్రిల్స్ షెడ్డు పెట్టేవాళ్లు, ఇంటింటికీ వెళ్లి అతికేవాళ్లు, సింగిల్ ఫేజ్ మీటరే ఉన్నవాళ్లు ఇన్వర్టర్ కొనుక్కోవాలి. పొలంలో నాగలి కర్రు, పైపు గేటు అతుక్కోవడానికి నెలకు నాలుగుసార్లు వాడే రైతుకూ అదే చాలు, మోటారు షెడ్డులో కాకుండా ఇంట్లో పొడిగా దాచుకుంటే. రెండు ఫేజులు ఉండి, రోజంతా మందపు ఇనుముతో కుస్తీ పట్టేవాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ తీసేయాల్సిన అవసరం నాకు కనిపించదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి బయటి పనులు పెరుగుతున్నవాళ్లు రెండూ ఉంచుకోండి.

ఆన్‌లైన్‌లో ఐదారు వేలకు కనిపించే పెట్టెలను చూసి తొందరపడవద్దు. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ రాడ్లు, మీ ఎక్స్‌టెన్షన్ వైరు, వీలైతే ఒక క్లాంపు మీటరు వెంట తీసుకెళ్లండి. 120 ఆంపియర్ల దగ్గర పెట్టి పది నంబరు రాడ్లు ఐదు, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో అతుకు మీది చిట్టెం కొట్టడానికి కూడా ఆగకుండా కాల్చండి. దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. అమ్మేవాడు "ఇక చాలు సార్" అంటాడు, ఆగవద్దు. ఐదో రాడ్ అయిపోకముందే వేడెక్కిందని పసుపు దీపం వెలిగితే, పెట్టె మీద 200 అని ఉన్నా 250 అని ఉన్నా, దాన్ని అక్కడే వదిలేసి మీ వైరు చుట్టుకుని రండి.