వార్డులో 9 రోజులు: పగటి నర్సింగ్‌కి నాలుగున్నర స్టార్లు, నైట్ డ్యూటీకి రెండు

అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్, ఆ తర్వాత వార్డు, మొత్తం 9 రోజులు. అన్ని రోజులూ పక్కన కుర్చీలో కూర్చున్నది నేనే కాబట్టి ఈ రివ్యూ డాక్టర్ల గురించి కాదు, బిల్డింగ్ గురించి అసలే కాదు, నర్సింగ్ గురించి. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఒక్క రాత్రి జరిగిన పొరపాటుకి, అంత బాగా చూసుకున్న సిస్టర్లందరినీ బజారుకీడ్చడం నాకిష్టం లేదు.

ముందు అమ్మకి చిరాకు తెప్పించిన సంగతి. టాబ్లెట్ ఇవ్వాలన్నా, రక్తం తీయాలన్నా, ఆఖరికి ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోసుకెళ్ళే అబ్బాయి వచ్చినా "అమ్మా, మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని అడిగి, చేతికున్న పట్టీ చూశాకే పని మొదలుపెట్టేవాళ్ళు. రెండో రోజుకే అమ్మకి విసుగొచ్చింది. "పొద్దుట్నుంచి నాలుగుసార్లు చెప్పాను, మతిమరుపు నీకా నాకా?" అంది. ఆ సిస్టర్ నవ్వేసి, "మీరెవరో నాకు తెలుసమ్మా, ట్రేలో ఉన్న మందు ఎవరిదో చూసుకోవాలి కదా" అంది. బెడ్ నంబర్ చూసి మాత్రం మందు ఇవ్వకూడదట, ఎందుకంటే బెడ్లు మారుతుంటాయి. అప్పుడు ఊరికే తలూపాను.

బెడ్ సోర్స్ (ఒకే చోట పడుకుని ఉండటం వల్ల పడే పుండ్లు) విషయంలో వీళ్ళకి వంక పెట్టలేను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తిప్పిన టైమ్ బెడ్ చివర చార్ట్‌లో రాయడం, అర్ధరాత్రయినా మానలేదు. తిప్పేటప్పుడు మనిషిని లాగేవాళ్ళు కాదు. కింద వేసిన దుప్పటిని ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కాస్త లేపి జరిపేవాళ్ళు, మోకాళ్ళ మధ్య దిండు తీయనిచ్చేవాళ్ళు కాదు. లాగితే చర్మం పరుపుకి రాసుకుని పైకి కనపడకుండానే లోపల దెబ్బతింటుందని చెప్పారు. మూడో రోజు మడమ మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. నేనైతే పట్టీ ఒరుసుకుందేమో అనుకుని వదిలేసేదాన్ని. సిస్టర్ వేలితో నొక్కి వదిలింది. మామూలు ఎరుపైతే నొక్కినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది, ఇది అలాగే ఎర్రగా ఉండిపోయింది. అంటే పుండు మొదలవబోతోందన్న మాట. మందేమీ రాయలేదు, మర్దనా చేయబోతే నన్ను ఆపేసింది. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చేసింది, అంతే. రెండు రోజుల్లో మచ్చ పోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన ఉన్నవాళ్ళు ఈ ఒక్కటైనా గుర్తుపెట్టుకోండి.

చేతుల శుభ్రం దగ్గర మార్కులు కోయాలి. ప్రతి బెడ్‌కీ శానిటైజర్ సీసా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి, పేషెంట్‌ని ముట్టుకునే ముందూ, తర్వాతా. సిస్టర్లు దాదాపు ప్రతిసారీ చేశారు (పని లేక నేను లెక్కపెట్టాను, నిజంగానే). రౌండ్స్‌కి వచ్చే పెద్ద డాక్టరు వెనకాల వచ్చే చిన్న డాక్టర్లు మాత్రం ఒక పేషెంట్‌ని పట్టుకున్న గ్లవ్స్‌తోనే తిన్నగా ఇంకో పేషెంట్ దగ్గరికి. గ్లవ్స్ వాళ్ళ చేతుల్ని కాపాడతాయేమో గానీ మా అమ్మనేం కాపాడతాయి? అడుగుదామంటే మొహమాటం. ఏడో రోజు అడిగేశాను, ఎవరూ కోప్పడలేదు.

కాలింగ్ బెల్ గురించి కూడా ఒక మాట. చాలాసార్లు అది మంచం వెనక గోడకి వేలాడుతూ ఉండేది. కదల్లేని మనిషికి అందని బెల్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

ఇక ఐదో రాత్రి. ఆ సాయంత్రం వార్డులో బెడ్లు సర్దారు, పక్క పెద్దావిడని కిటికీ దగ్గరికి మార్చి మమ్మల్ని ఆవిడ చోటుకి తెచ్చారు. పది దాటాక కొత్త సిస్టర్ ఒకావిడ చేతిలో ఇంజెక్షన్‌తో వచ్చి, ఆ పెద్దావిడ పేరు చెప్పి "మీరేగా అమ్మా?" అంది. అమ్మ మగత నిద్రలో "ఊఁ" అంది. నిద్రమత్తులో ఎవరైనా ఊఁ అనే అంటారు, ఏ పేరు చెప్పినా అంటారు. నేను కుర్చీలోంచి "ఏం ఇంజెక్షన్ సిస్టర్?" అనకపోతే ఏమయ్యేదో. ఇన్సులిన్. అమ్మకి షుగరే లేదు! నిద్రలో షుగర్ పడిపోతే చెమటలు పట్టినా, స్పృహ తప్పినా, పడుకుందిలే అనుకునేవాళ్ళం. ఆ సిస్టర్ అమ్మ చేతి పట్టీ చూసి బిక్కచచ్చిపోయింది.

పగటి సిస్టర్లు "మీ పేరు చెప్పండి" అంటారు, ఈవిడ "మీరేగా?" అంది. తేడా అంతే. ఇన్సులిన్‌కి ఇద్దరు చెక్ చేయాలని వాళ్ళ రూలేనట, కానీ ఆ రాత్రి వార్డంతటికీ ఇద్దరే ఉన్నారు, రెండో ఆవిడ కొత్త అడ్మిషన్ దగ్గర ఇరుక్కుపోయింది. కాబట్టి ఆ అమ్మాయి మీద కంటే ఇద్దరితో వార్డు నడపమన్నవాళ్ళ మీదే నాకు కోపం. నర్సింగ్ స్టేషన్ దగ్గర సెప్టెంబర్ 17 పేషెంట్ సేఫ్టీ డే పోస్టర్ ఉంది, 2019 నుంచి జరుపుతున్నారట. వైద్యం చేయించుకునే ప్రతి 10 మందిలో ఒకరికి ఆ వైద్యం వల్లే ఏదో ఒక హాని జరుగుతోందని, అందులో సగానికి పైగా ఆపగలిగేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట దాని మీద ఉంది. నాలుగు రోజులుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను, ఆ రాత్రి గానీ బుర్రకెక్కలేదు.

పొద్దున్నే ఇన్‌ఛార్జ్ సిస్టర్ తనంతట తనే వచ్చింది. దాచలేదు, బుకాయించలేదు. ఇంజెక్షన్ పడకపోయినా రిపోర్ట్ రాస్తామని, దీన్ని నియర్ మిస్ అంటారని చెప్పి, ఏం జరిగిందో నన్నూ అడిగి రాసుకుంది. ఆ అమ్మాయిని తిట్టి పంపేస్తే రేపు ఇంకొకరు ఇలాంటిది దాచేస్తారు కదా అంది. ఆ మాటకే ఈ ఆసుపత్రికి మళ్ళీ వెళ్తాను. రాత్రుళ్ళు మాత్రం నిద్రపోను.

డిశ్చార్జ్ రోజు హడావిడే. రక్తం గడ్డకట్టకుండా పొట్ట దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ ఇంట్లో నేనే చేయాలి. నోటితో చెప్పి వదల్లేదు, నా చేత చేయించి చూశారు: చర్మం మడత పట్టుకోవడం, సిరంజిలో ఉన్న చిన్న గాలి బుడగని బయటికి తోయకపోవడం, పొడిచిన చోట రుద్దకపోవడం. అది బాగుంది. మందుల కాగితం మాత్రం బాగాలేదు. ఇంటికొచ్చి చూస్తే, అమ్మ ఎప్పటినుంచో వేసుకునే బీపీ మాత్రా, వీళ్ళు రాసిన కొత్త మాత్రా పేర్లే వేరు, లోపల మందు ఒకటే, ఆమ్లోడిపిన్. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, కాగితంలో రాయలేదు. వార్డుకి ఫోన్ చేశాను, రెండోసారికి ఎత్తారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ డాక్టర్‌ని కనుక్కుని పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది, పాతది ఆపేయమంది. విషయం చెప్పేముందు అమ్మ పేరు, పుట్టిన తేదీ అడిగింది.