పాత ట్యాబ్‌కి రామ్ వేయాలా, కొత్తది కొనాలా?

మా ఇంట్లో ట్యాబ్ ఒకటి, దానికోసం కాచుకొని ఉండేవాళ్లు ఇద్దరు. పొద్దున లేస్తూనే నాయనకి ఎస్వీబీసీ కావాలి. సాయంత్రం ఆరైతే, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) కోచింగ్ కోసం తిరుపతికొచ్చి మా దగ్గరే ఉంటున్న అక్క కూతురికి ఆన్‌లైన్ క్లాసు. ట్యాబేమో 2020లో వచ్చిన శాంసంగ్ ట్యాబ్ ఏ7. 10.4 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. ఆండ్రాయిడ్ 10తో వచ్చింది, 12 దగ్గర ఆగింది. తెర మీద గీత కూడా లేదు. కానీ యాప్ నొక్కి, కాఫీ కలుపుకొని వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది.

"కస్టమ్ రామ్ వేసి చూద్దాం నాయనా" అన్నాను.

"ఏ రాముడ్రా అబ్బోడా, కోదండరాముడా?"

కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్‌ని మొత్తం తీసేసి, బయటి డెవలపర్లు తయారుచేసిన ఆండ్రాయిడ్‌ని ఎక్కించడమే కస్టమ్ రామ్ (ROM; పైన చెప్పిన 3 జీబీ ర్యామ్ వేరు). వీటిలో బాగా పేరున్నది లీనియేజ్ ఓఎస్. 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ అనే పాత కస్టమ్ రామ్ మూతపడ్డాక దాని చోట మొదలైంది. పైసా ఖర్చు లేదు. సెల్ షాపుల వాళ్లు "సాఫ్ట్‌వేర్ కొట్టాలన్నా, 500 అవుతుంది" అంటారే, అది వేరు. వాళ్లు ఎక్కువగా వేసేది కంపెనీ సాఫ్ట్‌వేర్‌నే మళ్లీ. దాంతో చెత్త పోతుంది గానీ ఆండ్రాయిడ్ వెర్షన్ మారదు.

రామ్ సంగతి తేలేది మోడల్ నంబర్ దగ్గరే. సెట్టింగ్స్‌లో ట్యాబ్ పేరు కాదు, నంబర్ చూడాలి. ఏ7లోనే వైఫై మోడల్ టి500, సిమ్ మోడల్ టి505. ఒకదాని రామ్ ఇంకోదానికి వేస్తే ట్యాబ్ బ్రిక్ అయి, అంటే ఆన్ కూడా కాని ఇటుకై కూర్చోవచ్చు. మీ నంబర్ లీనియేజ్ జాబితాలో లేకపోతే నా మాట విని అక్కడితో ఆపేయండి. ఊరూపేరూ లేని చవక ట్యాబ్‌లకి రామ్ దొరకడం దాదాపు కల్ల. ఎవరో ఎక్కడో పెట్టిన ఫైల్ దించుకొని ఎక్కించడం అంటే ఇంటి తాళం దారిన పోయేవాడి చేతిలో పెట్టడమే.

మాది వైఫై మోడల్, జాబితాలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. ముందు ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ చేశాను, ఎందుకంటే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఆండ్రాయిడ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయగానే ట్యాబ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో ఓఈఎం అన్‌లాక్ ఆన్ చేయాలి. తర్వాత ట్యాబ్ ఆపి, రెండు వాల్యూమ్ బటన్లూ పట్టుకొని కేబుల్ గుచ్చితే డౌన్‌లోడ్ మోడ్, అంటే లాప్‌టాప్ నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే స్థితి.

అసలు టెన్షన్ చివర్లో. లాప్‌టాప్ నుంచి రామ్ ఎక్కిస్తుంటే అంకె పెరుగుతూ వచ్చి 47 శాతం దగ్గర ఆగిపోయింది. రెండు నిమిషాలు కదల్లేదు. కేబుల్ పీకేద్దామని చెయ్యి కూడా పెట్టాను. తీరా చూస్తే లీనియేజ్ వాళ్ల సూచనల్లోనే రాసుంది: కొన్నిసార్లు 47 దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది, పని మాత్రం పూర్తయినట్టే. ముందే చదవాల్సింది. ఇంకో పొరపాటు కూడా చేశాను. గూగుల్ యాప్స్ విడిగా, మొదటిసారి ఆన్ చేయకముందే ఎక్కించాలి. ఆత్రంతో ఆన్ చేసేశాను. ప్లే స్టోర్ లేని ట్యాబ్ వచ్చింది. మళ్లీ అంతా తుడిచి మొదటి నుంచి. మొత్తం నాలుగు గంటలు.

ఫలితం? హోం స్క్రీన్ ఇప్పుడు వేలితో పాటే కదులుతోంది. ఎస్వీబీసీ నొక్కితే నాయన కళ్లజోడు పెట్టుకునేలోపు వచ్చేస్తోంది.

పోయినవీ ఉన్నాయి. అన్‌లాక్ చేసి బయటి సాఫ్ట్‌వేర్ వేయగానే శాంసంగ్ ట్యాబ్‌లో నాక్స్ అనే భద్రతా ఫ్యూజు కాలిపోతుంది, మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా అది అతుక్కోదు. ఫైళ్లు తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇక రాదు. వీడియోలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది కాబట్టి నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో రావు. బ్యాంకు యాప్‌లు గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్షలో (సాఫ్ట్‌వేర్ మార్చారా అని చూసేది) ట్యాబ్‌ని పట్టేసుకొని తెరుచుకోకుండా మొండికేయొచ్చు. ఫోన్‌కైతే ఇది పెద్ద దెబ్బ. వైఫై ట్యాబ్‌లో సిమ్మే లేదు, యూపీఐ మొదటి నుంచీ లేదు, కొత్తగా పోయిందేముంది?

రామ్ ముట్టుకోలేనిది ఇంకోటి ఉంది, అది లోపలి సామాను, అంటే హార్డ్‌వేర్. ఐదేళ్ల బ్యాటరీ ఐదేళ్ల బ్యాటరీయే. మాది సగం రోజుకే దిగిపోతుంటే, చెన్నై వెళ్లే స్నేహితుడితో రిచీ స్ట్రీట్ నుంచి బ్యాటరీ తెప్పించి ఇక్కడ వేయించాను. బ్యాటరీ, కూలీ కలిపి 2 వేలకు కాస్త తక్కువ. తెర పగిలి, బ్యాటరీ ఉబ్బి, ర్యామ్ 2 జీబీ అయితే రామ్ మాటే వద్దు.

అక్క కూతురికి మాత్రం కొత్తదే కొన్నాం. ఆ పిల్ల క్లాసుల యాప్ అన్‌లాక్ చేసిన ట్యాబ్‌లో తెరుచుకోలేదు. పరీక్ష నెలల్లో "మామా, యాప్ రావట్లేదు" అని ఏడిస్తే ఏ రాముడూ ఆదుకోడు. 13 వేల చిల్లర అయింది. 11 అంగుళాలు, 4 జీబీ ర్యామ్, 128 జీబీ. నా లెక్కలో 4 జీబీ కంటే తక్కువది ఈరోజు కొనడం డబ్బులు పారేసుకోవడమే. 7 వేలకు వచ్చే ట్యాబ్ కంటే తుడిచి శుభ్రం చేసిన పాత ఏ7 నయం.

ఇవేవీ చేయకముందు ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అక్కర్లేని యాప్‌లు వేయకుండా వారం వాడి చూడండి. స్టోరేజీ నిండిపోవడం వల్లే నత్తనడక నడిచే ట్యాబ్‌లు చాలా ఉంటాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లు చిత్తూరు వైపు బంధువుల ఇళ్లలో కూడా ఉన్నాయి, "వాటికీ వేసిపెట్టు" అంటున్నారు. చదువుకే పరిమితమయ్యేలా తాళం వేసి ఇచ్చినవి అవి. నేను ముట్టుకోను.

కొత్తది కొనేవాళ్లలో "ఇప్పుడు కొంటాం, ఐదేళ్లయ్యాక దీనికీ రామ్ వేసుకుంటాం" అనుకునేవాళ్లు ఉంటే ఆ లెక్క వేసుకోకండి. 2025లో వన్ యూఐ 8 (శాంసంగ్ తన ఆండ్రాయిడ్‌కి పెట్టుకున్న పేరు)తో వచ్చిన శాంసంగ్ ఫోన్లలో ఓఈఎం అన్‌లాక్ ఆప్షనే కనిపించడం లేదు. షావోమీలో అన్‌లాక్ కావాలంటే అనుమతి అడిగి, రోజులు వేచి ఉండాలి. అందుకే షాపులో కవరు, టెంపర్డ్ గ్లాసు బేరం ఆడేముందు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో అడగండి. వాళ్లకి తెలియకపోతే అక్కడే నిలబడి కంపెనీ సైట్‌లో చూసుకోండి.